ఫ్రీజర్‌లో వెనక వరుస

"బిడ్డ నోట్లో ఏం పోశావో చెప్పెయ్. నీకూ నాకూ తిప్పలు తప్పుతాయి."

విచారణ గదిలోకి అడుగు పెడుతుండగానే ఈ మాట చెవిన పడి, ఇన్‌స్పెక్టర్ నిదానానికి ఉన్న కాస్త ఓపికా సగమైంది. పొద్దున్నుంచీ జువ్వ ఇదే ప్రశ్న అడుగుతున్నాడు, ఆయా ఇదే జవాబు చెబుతోంది. ఒకటే తేడా. పొద్దున ఆమె ఏడుస్తూ చెప్పింది. ఇప్పుడు ఏడవడానికి కూడా శక్తి లేక, గోడకి తల ఆనించి చెబుతోంది.

"పాలండి. పాలు తప్ప ఇంకేమీ పట్టలేదండి."

నిదానం అనేది ఆయన అసలు పేరు కాదు. ఎప్పుడో ఒక పై అధికారి విసుక్కుని తగిలించిన పేరు. ఇప్పుడు టీ తెచ్చేవాడి దగ్గర్నుంచి కమిషనర్ దాకా అందరికీ అదే నోటికొస్తుంది. జువ్వదీ అదే కథ. అతనూ ఇన్‌స్పెక్టరే, అదే విభాగం, వయసు మాత్రం సగం. నిప్పు చూపిస్తే చాలు ఎగిరిపోతాడు, ఎటు పోతున్నాడో చూసుకోడు. నిన్న రాత్రి ఫిర్యాదు వచ్చేసరికి స్టేషన్లో ఉన్నది అతనే. తెల్లారగానే ఆయా ఇంటిమీద పడి ఆమెను పట్టుకొచ్చేశాడు. ఆ తర్వాత గానీ కేసు నిదానం చూడాలని పైనుంచి ఫోను రాలేదు. ఆ ఫోను రాగానే నిదానం ముందు ఆస్పత్రికెళ్ళి, వరండాలో బెంచీ మీద గంటల తరబడి కూర్చున్నాడు. నడుం పట్టేసింది. కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషికి పసిపిల్లల కేసు ఇవ్వడం ఏం న్యాయమని లోపల్లోపల తిట్టుకుంటూనే వచ్చాడు.

"ఏం గురూ, ఆస్పత్రిలో ఏమంటున్నారు?" జువ్వ కుర్చీ వెనక్కి వాల్చి అడిగాడు.

"బిడ్డ ఇంకా ఉంది. అంతే అంటున్నారు."

ఆ మాటకి ఆయా చటుక్కున తలెత్తింది. రెండు చేతులూ జోడించింది గానీ ఎవరికి దండం పెడుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

రెండు నెలలు నిండిన పాప. తల్లి సోమవారం నుంచే మళ్ళీ ఆఫీసుకి వెళుతోంది. నిన్న, బుధవారం, సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే పాప ఎంత కదిపినా లేవలేదు. పెదాలు నీలం తిరిగాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ కళ్ళల్లో లైటు వేసి చూసి, కనుపాప సూదిమొనంత అయిపోయిందని గుర్తుపట్టి, విరుగుడు ఇంజక్షన్ చేసింది. పాప కెవ్వుమంది. అందరూ హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మగతలోకి జారిపోయింది. మూత్రం పరీక్షిస్తే మార్ఫిన్ అనే మత్తుమందు బయటపడింది.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎన్నాళ్ళనుంచి లోపలికి పోతోందో నాకు తెలియాలి," అంది డాక్టరమ్మ పొద్దున. "తెలియకపోతే నేను చీకట్లో వైద్యం చేస్తున్నట్టే. ఆ పిల్లకి అంత వ్యవధి లేదు."

నిదానం కుర్చీ లాక్కుని ఆయా ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"లెక్క సింపుల్ గురూ," జువ్వ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "రాత్రి తల్లి దగ్గర పిల్ల కాస్త తేరుకుంటోంది. పగలు మగతగా పడుంటోంది. పగలు చూసేది ఎవరు? ఈవిడ. ఎప్పట్నుంచి? సోమవారం నుంచి. పాప మత్తు మొదలైంది ఎప్పుడు? సోమవారం. పైగా చేతిసంచీలో ఇది దొరికింది."

బల్ల మీద చిన్న మందు సీసా టక్కున పెట్టాడు. సగం ఖాళీ. నిదానం దాన్ని తీసుకుని చెయ్యి బారచాపి, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి, వెనకున్న సన్నటి అక్షరాలు మొత్తం చదివాడు. జువ్వ కాలు ఊపుతూ కూర్చున్నాడు.

"నీకు దగ్గా అమ్మా?"

"వారం నుంచండి. పాప దగ్గరికెళ్ళేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకునే వెళుతున్నానండి."

"ఇది కఫం కరిగించే మందు. ఇందులో మార్ఫిన్ లేదు, దాని చుట్టమూ లేదు," అన్నాడు నిదానం.

"బయట ఒకటి రాసుండొచ్చు, లోపల ఇంకొకటి ఉండొచ్చు. ల్యాబుకి శాంపిల్ పంపా."

"ఎప్పుడు చెబుతారట?"

"రేపు. ఈలోపు సాయంత్రం కోర్టులో పెడతా, రిమాండుకి పోతుంది. పిల్లని నిద్రపుచ్చి టీవీ చూసుకునే ఆయాల్ని ఎంతమందిని చూళ్ళేదు?"

"ఎంతమందిని చూశావు?"

జువ్వ మొహం మాడ్చుకున్నాడు.

"అమ్మా," నిదానం ఆమె వైపు వంగాడు. "నిన్న పాలు ఎలా పట్టావో చెప్పు. తొందర లేదు. ఆ వంటగదిలోనే ఉన్నాననుకుని, చేతులతో చేసి చూపిస్తూ చెప్పు."

ఆయా ఒక్క క్షణం వెర్రిచూపు చూసింది. తర్వాత ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. అలవాటైన పని కదా, మనిషి ఎంత బెదిరిపోయినా చేతులు మరిచిపోవు.

"ముందు చేతులు కడుక్కుంటానండి. పెద్దగిన్నెలో వేణ్ణీళ్ళు పోసుకుంటా. ఫ్రీజర్ తీసి, చిన్నగిన్నె తీసి, మూత ఊడకుండా వేణ్ణీళ్ళలో పెడతా. పాలు కరిగాక సీసాలో పోసి, మణికట్టు మీద ఓ చుక్క వేసుకుని చూసుకుని..."

"ఆగు. చిన్నగిన్నె అన్నావు. ఏం గిన్నె?"

"స్టీలు గిన్నెలండి. మూతలున్నవి. పాలు అందులోనే గడ్డకట్టి ఉంటాయి."

నిదానం బుర్రలో మగత కాస్త విడిపోయింది. పొద్దున ఆస్పత్రిలో పాప తల్లి, ఎడమ చేతికి పిండికట్టుతో, తన పాలు తీసి దాచే సరంజామా అంతా ముందు పెట్టి చూపించింది. పంపు, సీసా, జిప్ కవర్లు. 'కవర్లే వాడతాను సార్, బల్ల మీద పెట్టి ఒంటిచేత్తో నొక్కితే మూసుకుపోతాయి' అంది. స్టీలు గిన్నెల ఊసు ఎత్తలేదు.

"ఫ్రీజర్లో కవర్లు కూడా ఉన్నాయి కదా? అవి వాడలేదా?"

"వద్దన్నారండి, పెద్దమ్మగారు. పాప నాయనమ్మండి. పాతవి ముందు అవ్వాలి, గిన్నెల్లోవి అయ్యాక కవర్ల జోలికి వెళ్ళు అన్నారు. ఆవిడ మాట దాటి నేనెందుకు పోతానండి?"

నిదానం బల్ల మీద చెయ్యానించి లేచాడు.

"ఎక్కడికి?" అన్నాడు జువ్వ.

"వంటగదికి."

"గిన్నెలో ఉంటేనేం, కవర్లో ఉంటేనేం, పాలు పాలే కదా గురూ! రాత్రి పిల్ల తాగేవీ ఆ తల్లి పాలే."

"అవును. రెండూ ఆ తల్లి పాలే. మరి పగటివి ఎందుకు పడటం లేదు?"

జువ్వ కూడా వెంటే వచ్చి జీపెక్కాడు. తను పట్టిన కేసు వేరేవాడి చేతిలో పడుతుంటే చూస్తూ కూర్చునే రకం కాదు.

తలుపు తీసింది నాయనమ్మే. పొట్టి మనిషి, చీర కొంగు నడుములో దోపుకుంది, చేతులకి సబ్బునురగ. కొడుకూ కోడలూ ఆస్పత్రిలో ఉంటే ఇల్లు కాపలా కాస్తోంది. దిగులు పడుతూ కూర్చోవడం చేతకాని మనుషులుంటారు. ఆవిడ ఆ బాపతు. వంటగదిలో తోమడానికి ఇంకేమీ మిగల్లేదు. పొయ్యి, గట్టు, కుళాయి, ఆఖరికి స్విచ్చులు కూడా తళతళలాడుతున్నాయి.

"పాప ఎలా ఉంది బాబూ? మావాడు ఫోనెత్తడం లేదు."

"చూస్తున్నారమ్మా," అన్నాడు నిదానం.

జువ్వ అప్పటికే అలమారాలు తెరిచేశాడు. పప్పుల డబ్బాలు, మసాలా డబ్బాలు, మందుల పెట్టె, అన్నీ కిందికి దిగుతున్నాయి. మందుల పెట్టెలో జ్వరం బిళ్ళలు, పాత కళ్ళచుక్కల మందు, ఇంకేమీ లేవు.

"అవన్నీ మళ్ళీ ఎవరు సర్దుతారు నాయనా?" అందావిడ.

నిదానం ఫ్రీజర్ తలుపు తెరిచాడు. ముందు వరుసలో జిప్ కవర్లు, పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీదా తేదీ. ఆ తర్వాత బఠాణీల పెద్ద ప్యాకెట్టు అడ్డంగా పడుకుని ఉంది. అది అంత అడ్డంగా ఉండాల్సిన అవసరం లేదు, పక్కన చోటుంది. ఎత్తి చూశాడు. వెనక వరుసలో, మంచు పేరుకున్న గోడకి ఆనుకుని, మూతలు పెట్టిన చిన్న స్టీలు గిన్నెలు ఉన్నాయి. వాటి మీద తేదీ లేదు. ఒకదాని మూత తీశాడు. పాలు పసుపు తిరిగి రాయిలా గడ్డకట్టి ఉన్నాయి.

"ఈ గిన్నెలు ఎవరు పెట్టారమ్మా?"

"నేనే. ఏం?"

"పాలు?"

"కోడలివే. ఇంకెవరివి ఉంటాయి మా ఇంట్లో?"

"ఎప్పటివి?"

ఆవిడ కుళాయి వైపు తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నిదానం స్టూలు లాక్కుని కూర్చుని ఫోను తీసి, పాప తల్లికి కలిపాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"అమ్మా, మీరు పాలు స్టీలు గిన్నెల్లో ఎప్పుడైనా దాచారా?"

"లేదు సార్. కవర్లలోనే. పొద్దున చూపించాను కదా."

"మీ చెయ్యి విరిగినప్పుడు?"

"అప్పుడు అసలు దాచనేలేదు సార్. పాపకి ఐదో వారమప్పుడు బాత్రూంలో జారిపడ్డాను. ఎముకల డాక్టరు నొప్పికి కోడీన్ మాత్రలు రాశాడు. మందులషాపాయనే అడిగాడు, పాలిస్తున్నారా, ఇస్తుంటే ఇవి వద్దమ్మా, డాక్టర్ని మళ్ళీ అడగండి అని. అడిగితే ఆ డాక్టరు మాత్ర మార్చలేదు. వారం పాలు మానెయ్, పోయేదేముంది అన్నాడు. సరేనని వారం డబ్బాపాలు పట్టాం. నా పాలు ఎండిపోకూడదని పంపుతో తీసి పారబోయించేదాన్ని."

"పారబోసింది ఎవరు? మీరేనా?"

"నాకు మంచం దిగే ఓపిక ఎక్కడిది సార్? ఒక్క మాత్ర పడితే చాలు, ఎవరు పిలుస్తున్నారో కూడా తెలిసేది కాదు. సీసా అత్తయ్య చేతికిచ్చి..."

ఫోనులో ఆస్పత్రి మిషన్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇవతల నాయనమ్మ చేతిలో గ్లాసు తొట్టిలో పడి దొర్లింది.

"అత్తయ్యా?" అంది తల్లి. "అత్తయ్యా, అక్కడున్నారా? పారబోశారా లేదా?"

నాయనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఫ్రీజర్ వైపే చూసింది. తల్లి మళ్ళీ అడగలేదు. ఫోను పెట్టేసింది.

"చేతులు రాలేదు బాబూ," అంది చివరికి ఆవిడ. గట్టు పట్టుకుని నెమ్మదిగా నేలమీద కూలబడింది. "మావాడు పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. చుక్క కోసం వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇంటిల్లిపాదీ నన్ను దెప్పారు. పాలివ్వలేనిదానివి ఎందుకు కన్నావన్నారు. నా కోడలికి సీసాడు పాలొస్తుంటే, అవి తీసుకెళ్ళి తొట్టిలో పొయ్యమంటే ఎలా పోస్తాను? మొదటిరోజు పోశాను. రాత్రంతా నిద్రపట్టలేదు. మర్నాటినుంచి గిన్నెల్లో దాచా."

"మందు సంగతి?" జువ్వ అడిగాడు. గొంతులో ఇంతకుముందున్న ఊపు లేదు.

"గడ్డకడితే దాని బలం చచ్చిపోతుందనుకున్నా. పోనీ అని కరిగించి వాసన చూశా, నాలిక్కి రాసుకుని చూశా. మామూలు పాలే. చేదు లేదు, ఏమీ లేదు. నాకేదో అయితే కదా పిల్లకి అయ్యేది అనుకున్నా. కోడలికి చెబితే కేకలేస్తుందని బఠాణీల వెనక పెట్టా." కొంగు నోట్లో కుక్కుకుంది. "నా చేత్తో నేనే విషం పట్టించానా?"

నిదానానికి ఆవిణ్ణి ఓదార్చాలనిపించింది. ఏమని ఓదార్చాలో తెలియలేదు. డాక్టరమ్మకి ఫోను చేసి, దొరికింది దొరికినట్టు చెప్పేశాడు.

"కోడీనా!" అంది డాక్టరమ్మ. "ఇప్పుడర్థమైంది. అది ఒంట్లోకి పోయాక మార్ఫిన్‌గా మారుతుంది. కొందరికి మరీ వేగంగా, మరీ ఎక్కువగా మారిపోతుంది. తాము అలాంటి మనుషులమని వాళ్ళకే తెలియదు. ఒక్క మాత్రకే తల్లి అలా పడిపోయిందంటే ఆవిడా అదే అయ్యుండాలి. ఆ మార్ఫిన్ పాలల్లోకి దిగుతుంది. గడ్డకట్టినా పోదు, కాచినా పోదు. ఇంత చిన్నపిల్లలు దాన్ని తొందరగా బయటికి పంపలేరు, పట్టినకొద్దీ లోపల పేరుకుంటుంది."

"పాప?"

"ఇప్పుడు దారి కనిపించింది. విరుగుడు ఆపకుండా ఎక్కిస్తాను. మళ్ళీ ఆ పాలు పడవు కాబట్టి గట్టెక్కుతుందనే అనుకుంటున్నా." నిట్టూర్చింది. "ఆ రోజు నన్ను ఒక్కమాట అడిగుంటే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఇచ్చి సరిపెట్టేదాన్ని. పాలు మానాల్సిన పనే ఉండేది కాదు. పాలిచ్చే తల్లి వేసుకోగలిగిన మందులే ఎక్కువ సార్. వేసుకోకూడనివి కొన్నే. ఏది ఏదో అడిగితే చెబుతాం. ఒకాయన అడక్కుండా రాసేస్తాడు, ఇంకొకరు అడక్కుండా దాచేస్తారు. మేం ఇక్కడ కూర్చుని ఊపిర్లు లెక్కపెట్టుకుంటాం."

ఫోను పెట్టేశాక జువ్వ కిందికి దింపిన డబ్బాల్ని ఒక్కొక్కటిగా పైకి పెట్టడం మొదలుపెట్టాడు. తప్పు చేసినవాడి పద్ధతి అది, క్షమాపణ నోటితో రాదు.

"అయితే ఈవిణ్ణి అరెస్టు చెయ్యాలా గురూ?"

"ఎవరో ఒకర్ని అరెస్టు చెయ్యకపోతే నీకు అన్నం సహించదా?"

"లేదు, అడిగానంతే."

"స్టేషనుకి ఫోన్ చెయ్యి. ఆయాకి తినడానికేదైనా పెట్టించి, ఇంటికి పంపించెయ్యమను. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగినట్టు లేదు."

జువ్వ ఫోను తీశాడు. నిదానం మందపాటి కవరు ఒకటి తీసుకుని, గిన్నెల్ని ఒక్కొక్కటిగా అందులో సర్దుతున్నాడు. చల్లదనానికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇవి ల్యాబులో పడేసి, రెండు ముక్కలు రాసిచ్చి, ఇంటికెళ్ళి పడుకుంటే చాలు. రేపు మధ్యాహ్నం దాకా ఎవడు పిలిచినా లేవకూడదు. ఈ ఉద్యోగంలో ఇంతకుమించి కోరుకోవడానికి ఏమీ లేదని ఆయనకి ఎప్పుడో అర్థమైపోయింది.

"ఇవేనా అమ్మా మొత్తం? ఇంకెక్కడైనా దాచారా?" మాటవరసకి అడిగాడు.

నేలమీద కూర్చున్న నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంకెక్కడ దాస్తాను బాబూ? పిల్లకి పట్టగా మిగిలినవి ఇవే. ఆయాకిచ్చినవి పోను."

నిదానం చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఆయాకా? ఆయాకెందుకిచ్చారు?"

"వాళ్ళమ్మాయికి ఈమధ్యే కాన్పయింది. పురిటినొప్పులు పడ్డ పిల్ల, పాలు సరిగ్గా పడటం లేదట. పొద్దస్తమానం బిడ్డ ఏడుపేనని చెప్పుకుని బాధపడింది. నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. మా పాపకి చాలినన్ని ఉన్నాయి, నీ మనవరాలికి పట్టుకెళ్ళమని మొన్న సాయంత్రం సంచీలో పెట్టిచ్చా." అంటూ అంటూనే ఆవిడకి తను ఏం చెబుతోందో తెలిసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నిదానం ఒక్క అంగలో వెళ్ళి జువ్వ చేతిలో ఫోను లాక్కున్నాడు. అవతల కానిస్టేబుల్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "ఆయాకివ్వు. ఇప్పుడే!"

"సార్?" ఆమె గొంతు బొంగురుగా వచ్చింది.

"అమ్మా, పెద్దమ్మగారు నీకు పాలిచ్చారటగా?"

"నేను దొంగతనం చెయ్యలేదండి!" ఆమె భోరుమంది. "ఆవిడే ఇచ్చారండి, మీరు అడగండి! అందుకే చెప్పలేదండి, దొంగదాన్నంటారని భయపడి..."

"తెలుసు, తెలుసు. నీ తప్పేమీ లేదు. ఆ పాలు మనవరాలికి పట్టారా?"

"పట్టామండి. మొన్న రాత్రి నుంచీ పడుతున్నాం. ఇంట్లో ఇంకా ఉన్నాయండి. నేను లేను కదా, మా అమ్మాయే పడుతుంటుంది."

"మీ అమ్మాయి దగ్గర ఫోనుందా?"

"లేదండి, ఇంటికంతటికీ నాదొక్కటే. అది మీవాళ్ళే తీసుకున్నారు."

ఆ ఇల్లు జువ్వకి తెలుసు. పొద్దున తలుపు తన్ని లోపలికి వెళ్ళింది అతనే. చేతిలో ఉన్న డబ్బా ఎక్కడ పెడుతున్నాడో చూసుకోకుండా వదిలేసి, అంబులెన్సు, అంబులెన్సు అని వైర్‌లెస్‌లో అరుస్తూ మెట్ల మీదికి పరిగెత్తాడు. వంటగదంతా శనగపప్పు చిమ్మింది.

"బిడ్డ ఎలా ఉందమ్మా?" నిదానం ఆ పప్పు తొక్కుకుంటూ గుమ్మం వైపు నడుస్తూనే అడిగాడు.

"చాలా బావుందండి," అంది ఆయా. అంత దుఃఖంలోనూ ఆ ఒక్క మాటకి ఆమె గొంతు కాస్త తేటపడింది. "ఆ పాలు పడ్డాక ఏడుపే మానేసిందండి. పొద్దున మీవాళ్ళు వచ్చి అంత గొడవ చేశారా, ఉయ్యాల పక్కనే నిలబడి కేకలేశారా, అయినా బంగారుతల్లి కళ్ళు తెరవలేదండి."